బస్సు కదిలింది, చెప్పు!

తిరువూరు వచ్చి స్థిరపడ్డాక అందరూ నన్ను అడిగే ప్రశ్న ఒకటే. "మేడమ్, మీరు యూనివర్సిటీలో ఏం చెప్పేవాళ్ళండీ?" ఇంగ్లీషు అంటాను. "ఎవరికండీ?" పిహెచ్‌డీ చేసేవాళ్ళకి అంటాను. అప్పుడు ఎదుటి మనిషి కాసేపు నా మొహం చూసి, "అదేంటండీ, అంత చదివినోళ్ళకి ఇంగ్లీషు రాదా?" అంటాడు. మొన్న మందుల షాపులో కూడా ఇదే జరిగింది. "ఇంగ్లీషు వస్తుందయ్యా, చెప్పాల్సిన మాటే నోటికి రాదు" అన్నాను. ఆయన మాత్రలు కవర్లో వేసి ఇచ్చి ఇంకేమీ అడగలేదు.

నా సీట్లోకి కొత్తగా వచ్చిన అమ్మాయి కూడా దాదాపు ఇదే అడిగింది. "మేడమ్, సిలబస్ మొత్తం చదివాను. క్లాసులోకి వెళ్ళి ఏం చెయ్యాలో మాత్రం అర్థం కాలేదు" అని ఫోన్ చేసింది. సిలబస్ రాసినవాళ్ళలో నేనూ ఉన్నాను కాబట్టి అందులో ఏమీ అర్థం కాదని నాకు ముందే తెలుసు. అందుకే ఇది రాస్తున్నాను. ప్రమోషన్లు, కమిటీలు, తనిఖీలు వదిలేస్తున్నాను. అవి ఎవరి ఉద్యోగంలోనైనా ఒకేలా ఉంటాయి, ఎవరి ఉద్యోగంలోనూ చదవబుద్ధి కాదు.

ఒక్క మాట ముందే చెప్తాను. నేను ఈ ఉద్యోగంలో గెలిచాను. రిటైరైనవాళ్ళు "ఏదో చేశాం లెండి" అని తల వంచుకుని చెప్పడం ఆనవాయితీ. నాకు ఆ వినయం లేదు. ఎందుకు లేదో చివరిదాకా చదివితే తెలుస్తుంది.

*ఇస్త్రీ పని*

మాది విజయవాడ దగ్గర ఇంజనీరింగ్ యూనివర్సిటీ. అలాంటి చోట ఇంగ్లీషు డిపార్టుమెంటు అంటే పెళ్ళికి అద్దెకు తెచ్చిన కుర్చీల్లాంటిది. ఆ పూటకి కావాలి, మర్నాడు ఎవరికీ పట్టదు. పరిశోధన చేసే పిల్లల్ని, అంటే స్కాలర్లని, వాళ్ళ గైడులు మా దగ్గరికి పంపేటప్పుడు "కాస్త ఇంగ్లీషు దిద్దించుకురా" అనేవాళ్ళు. చొక్కా ఇస్త్రీ చేయించుకురమ్మన్నట్టు ఉండేది ఆ మాట.

నా దగ్గరికి వచ్చిన స్కాలర్లు చాలామంది ఈ చుట్టుపక్కల మెట్ట ఊళ్ళవాళ్ళే. పత్తి చేలోంచి, మామిడి తోటలోంచి, కిరాణా కొట్టులోంచి చదువుకుని వచ్చినవాళ్ళు. లెక్కల్లో ఉద్దండులు. ల్యాబ్‌లో కూర్చుంటే భోజనం సంగతి గుర్తుండదు. కానీ వాళ్ళు రాసిన పేపరు చేతికి తీసుకుంటే, వీళ్ళు కొత్తగా కనుక్కున్నది ఏమిటా అని చివరి పేజీ దాకా వెతుక్కోవాలి. అక్కడ కూడా ఏదో మూల, ఎవరికీ కనపడకుండా నిలబడి ఉంటుంది. కొండను తవ్వి ఎలుకను పట్టేవాళ్ళని చూశాం. వీళ్ళు ఏనుగును పట్టి, ఎలుక దొరికిందండీ అని చెప్పుకునే రకం.

ఇది భాష తెలియక వచ్చిన చిక్కు కాదు. మన మర్యాద వల్ల వచ్చిన చిక్కు. సంబంధం మాట్లాడటానికి వెళ్ళినవాళ్ళు కూడా వానల గురించి మాట్లాడి, పత్తి రేటు గురించి మాట్లాడి, కాఫీ తాగి, లేవబోతూ అసలు సంగతి ఎత్తుతారు. పెద్దవాళ్ళు కూర్చున్న చోట చిన్నవాడు అందరికన్నా చివర నోరు విప్పుతాడు. అందులోనే పెరిగినదాన్ని, నేను దాన్ని తప్పు పట్టను. కానీ ఎక్కడో దూరదేశంలో కూర్చుని మన పేపరు చదివేవాడికి మనం కాఫీ ఇవ్వలేం కదా. వాడు మొదటి పేరా చదువుతాడు, కొత్త సంగతి కనపడకపోతే పక్కన పెట్టేస్తాడు.

*సుబ్బారావు కృతజ్ఞతలు*

ఈ సంగతి నాకు సుబ్బారావు వల్ల అర్థమైంది. వాళ్ళది విస్సన్నపేట. ఆరడుగుల మనిషి, లోహాల మీద పరిశోధన. వెల్డింగ్ చేసిన చోట ఉక్కు ఎందుకు పగులుతుందో కనిపెట్టాడు. నిజంగా కనిపెట్టాడు, ఊరికే అనడం లేదు.

సెమినార్ రోజున వేదిక మీదికి ఎక్కి అందరికీ దండం పెట్టాడు. గైడుకి కృతజ్ఞతలు, గైడుకి గైడైన ఆయనకి కృతజ్ఞతలు, డీన్‌గారికి, ల్యాబ్ అసిస్టెంటుకి, చివరికి ప్రొజెక్టర్ బిగించినాయనకి కూడా కృతజ్ఞతలు. తర్వాత ఈ విషయం మీద అంతకుముందు పనిచేసిన పెద్దలందరినీ పేరు పేరునా తలుచుకున్నాడు. పెళ్ళి పత్రికలో బంధువుల పేర్లు వేసినట్టు ఒక్కరినీ వదల్లేదు. "ఇక నేను చేసిన పని విషయానికి వస్తే" అన్నాడో లేదో గంట కొట్టారు. హాలంతా నవ్వింది.

ఆ సాయంత్రం నా గదికి వచ్చి కుర్చీలో కూలబడ్డాడు. "మేడమ్, నేను చెప్పాల్సింది చెప్పనే లేదు" అన్నాడు. అంత మనిషి కళ్ళనీళ్ళు పెట్టుకుంటే నాకు ఏం చెయ్యాలో తోచలేదు. మజ్జిగ తెప్పించి ఇచ్చాను. వాడి ఇంగ్లీషులో నేను దిద్దాల్సినది ఒక్కటి కూడా లేదు. మరి వాడికి నేను నేర్పాల్సిందేమిటి? ఆ ప్రశ్న తీసుకుని ఆ వారం చివర సొంతూరు తిరువూరు వచ్చాను.

*మా వదిన*

జవాబు మా వదిన ఇచ్చింది. తను ఇస్తున్నానని ఆమెకి తెలియదు.

మా వదిన మంచి మనిషి, కానీ ఆమెకి డొంకతిరుగుడు పుట్టుకతో వచ్చింది. పాలు విరిగిపోయాయని చెప్పాలంటే ఆ గేదెను కొన్న రోజు నుంచి మొదలుపెడుతుంది. ఆ సోమవారం తెల్లారగట్టే నన్ను విజయవాడ బస్సెక్కించడానికి తిరువూరు బస్టాండుకి వచ్చింది. నేను కిటికీ పక్కన కూర్చున్నాను, ఆమె కింద నిలబడింది. డ్రైవరు టీ తాగి వచ్చేదాకా ఎవరెవరికో నొప్పులు, ఎవరింట్లోనో గృహప్రవేశం, అన్నీ చెప్పింది. ఆమె ఏదో ముఖ్యమైన సంగతి చెప్పడానికే వచ్చిందని నాకు అనుమానం. అడగనూ లేను, ఆపనూ లేను.

ఇంతలో బస్సు కదిలింది. వదిన కిటికీ పట్టుకుని పక్కనే నడుస్తూ ఒక్క ఊపిరిలో అరిచింది.

"రత్నం! తోట పూత మీదే అమ్మేశాం! కాయలు పంపిస్తానని అక్కడ ఎవరికీ మాటివ్వమాక! కొత్త బోరు వెయ్యాల్సొచ్చిందే!"

అప్పటికే డిపార్టుమెంటు మొత్తానికీ మామిడికాయలు వాగ్దానం చేసి ఉన్నాను. కానీ బస్సు ఊరు దాటేలోపు నాకు ఇంకొకటి తట్టి, సీట్లో ఒక్కదాన్నే నవ్వుకున్నాను. ముందు అసలు విషయం చెప్పింది. తర్వాత దానివల్ల నేనేం చెయ్యాలో చెప్పింది. ఆ తర్వాత కారణం చెప్పింది. పేపరుకి మొదటి పేరా ఎలా ఉండాలని నేను ఏళ్ళ తరబడి బోర్డు మీద రాస్తున్నానో సరిగ్గా అలాగే ఉంది. మా వదినంత మనిషే చెప్పగలిగిందంటే ఈ విద్య అందరికీ వచ్చినదే. బస్సు కదలాలి, అంతే.

ఆ మంగళవారం క్లాసులో సుబ్బారావుని లేపి, నేను కుర్చీలో కూర్చుని, "ఇది బస్సు, నేను కిటికీ పక్కన ఉన్నాను, నువ్వు కింద ఉన్నావు. బస్సు కదిలింది, చెప్పు!" అన్నాను. వాడు తెల్లబోయాడు. తెలుగులోనే చెప్పమన్నాను. "వెల్డింగ్ అయ్యాక గబుక్కున చల్లారితే పగులుద్ది మేడమ్! మెల్లగా చల్లార్చాలి!" అన్నాడు. ఇదే ఇంగ్లీషులో రాయి, పైన పెట్టు అన్నాను. తర్వాతి సెమినార్లో వాడు ఆ మాటతోనే మొదలుపెట్టాడు. గంట కొట్టేవేళకి ముందు వరసలో ప్రొఫెసర్లు ప్రశ్నలు అడగడానికి పోటీ పడుతున్నారు. కృతజ్ఞతలు చివర చెప్పాడు. ఒక్కరి పేరూ వదల్లేదు, అది వేరే సంగతి.

*మా హెడ్డుగారు*

పద్ధతి దొరికింది కానీ దాన్ని బతికించుకోవడానికి మా హెడ్డుగారితో కొన్నేళ్ళు తగువు పడాల్సి వచ్చింది. ఆయన దృష్టిలో ఇంగ్లీషు క్లాసులో తెలుగు వినపడితే ఇల్లు మైలపడినట్టే.

"ఇంగ్లీషు క్లాసులో తెలుగేంటండీ? అందులోనూ అరుపులు! బయటివాళ్ళు వింటే మన పరువేం కావాలి?"

"తెలుగులో చెప్పలేనిది ఇంగ్లీషులో మాత్రం ఎలా చెప్తారండీ?"

"అవన్నీ నాకు తెలవదు. తలుపేసుకోండి."

తలుపేసుకున్నాను. ఈ ఉద్యోగంలోకి వచ్చేవాళ్ళకి నేను చెప్పే గట్టి సలహా ఇదే. పై అధికారితో వాదన గెలవనక్కర్లేదు, తలుపేసుకునే అనుమతి వస్తే చాలు. ఆయన మీద నాకు కోపం లేదు. తర్వాత తన బావమరిది కొడుకు సివిల్ ఇంజనీరింగ్‌లో పిహెచ్‌డీకి చేరితే, వాణ్ణి స్వయంగా తీసుకొచ్చి నా క్లాసులో కూర్చోబెట్టి, తలుపు తనే దగ్గరికి వేసి వెళ్ళారు.

*నాగమణి తాండ్ర*

ఇక నా ఉద్యోగం మొత్తంలో నేను గుండెల మీద పెట్టుకున్న సంగతి చెప్తాను. ఇది నా చివరి ఏళ్ళలో జరిగింది.

నాగమణిది ఎ.కొండూరు దగ్గర పల్లె. మామిడి తాండ్ర ఎండలో కాకుండా యంత్రంలో వేడిగాలితో ఎలా ఆరబెట్టాలి అన్నది ఆమె పరిశోధన. ఆమె గైడు ప్రొఫెసర్ సత్యమూర్తి గారు. పండ్లు ఆరబెట్టడం మీద ఆయన చాలా ఏళ్ళ కిందట ఒక సూత్రం ఇచ్చారు. వేడి పెంచినకొద్దీ తడి త్వరగా పోతుంది, ఎంత పెంచితే ఎంత త్వరగా అన్నది ఆ సూత్రంలో లెక్క వేసుకోవచ్చు. మా యూనివర్సిటీలో అది ఆయన ఇంటిపేరు లాంటిది.

నాగమణి పేపరు రెండు జర్నళ్ళ నుంచి తిరిగొచ్చింది. రెండుచోట్లా ఇచ్చిన కారణం ఒకటే, ఇందులో కొత్తదనం లేదని. పేపరు అచ్చుకు ఒప్పుకోకపోతే థీసిస్ ఇవ్వడానికి లేదు. ఆమెకి ఇచ్చిన గడువు అప్పటికే ఒకసారి పొడిగించారు, మళ్ళీ పొడిగించరు. ఆ వేసవి దాటితే రిజిస్ట్రేషన్ రద్దు, అన్నేళ్ళ పనీ గాలికి పోయినట్టే. సత్యమూర్తి గారు నాకు ఫోన్ చేసి, "మేడమ్, పిల్ల తెలివైంది, ఇంగ్లీషే దెబ్బ కొడుతోంది. మీరు కాస్త దిద్దండి" అన్నారు.

అప్పటికి నేను వారం చివర తిరువూరులోనే ఉండేదాన్ని. నాగమణి శనివారం షేర్ ఆటోలో మా ఇంటికి వచ్చింది. పేపరు చదివాను. ఇంగ్లీషు నున్నగా, ఎక్కడా గతుకు లేకుండా ఉంది.

"ఇది నువ్వే రాశావా?"

"రాసి, కంప్యూటర్లో పెట్టి బాగు చేయించానండి. ఇప్పుడు అందరూ అట్టాగే చేస్తున్నారు కదండీ."

తప్పులేదన్నాను. ఈమధ్య కొత్త మాస్టార్లు, యంత్రమే ఇంగ్లీషు రాసి పెడుతుంటే మన ఉద్యోగాలు ఉంటాయా అని బెంగ పెట్టుకుంటున్నారు. వాళ్ళకి నేను నాగమణి పేపరు సంగతే చెప్తాను. ఇస్త్రీ పని యంత్రం చేసేసింది, మంచిదే. చొక్కా లోపల మనిషి లేడు, అదీ సమస్య.

చివరి పేజీలో అడుగున ఒక వాక్యం ఉంది. కొన్ని పరిస్థితుల్లో స్వల్పమైన తేడాలు కనిపించాయి, వాటిని మరింత పరిశీలించవలసి ఉంది అని. దాని మీద వేలు పెట్టాను.

"ఏంటా తేడాలు?"

నాగమణి తలుపు వైపు చూసింది. మా ఇంట్లో ఎవరూ లేరన్నాను. అప్పుడు చెప్పింది. తాండ్ర పొరలు పొరలుగా పోస్తారు కదా, వేడి మరీ పెంచితే పై పొర గట్టిపడి మూతలా కూర్చుంటోంది, లోపలి తడి బయటికి రావడం లేదు. వేడి పెంచినకొద్దీ త్వరగా ఆరాల్సింది, ఒక హద్దు దాటాక ఇంకా ఆలస్యమవుతోంది. సత్యమూర్తి గారి సూత్రం పల్చటి ముక్కలకి సరిపోతుంది, తాండ్ర పొరలకి సరిపోదు.

నేను లేచి నిలబడ్డాను. "పిచ్చిదానా, ఇదే కదా కొత్త సంగతి! దీన్ని తీసుకెళ్ళి అడుగున పాతిపెట్టావేంటి?"

"అది పైన రాస్తే సార్‌ది తప్పని రాసినట్టే కదండీ."

"అంటే భయమా?"

"భయం కాదండీ. పాప పుట్టాక నేను మానేద్దామనుకున్నా. సారే మా ఊరొచ్చి, మా మావయ్యగారితో మాట్లాడి, నన్ను మళ్ళీ పంపేట్టు ఒప్పించారు. ఆ డ్రయ్యరు కూడా నాకోసం సారే పోట్లాడి తెప్పించారు. ఆ డ్రయ్యర్లోనే ఆరబెట్టి ఆయన లెక్క తప్పని రాస్తే, తిన్నింటి వాసాలు లెక్కపెట్టినట్టు ఉండదా మేడమ్?"

ఆమె కృతజ్ఞత నిజమైనది, దాన్ని తీసిపారెయ్యడం నాకు ఇష్టం లేదు. ఒకటే అన్నాను. "లెక్కపెట్టమనడం లేదమ్మా. వాసం పుచ్చిపోతే చెప్పడం కూడా ఆ ఇంట్లో తిన్నవాళ్ళ ధర్మమే. బయటివాడు చెప్పేదాకా ఆగితే ఆయనకి ఇంకా అవమానం."

ఆమె తల కూరగాయల బుట్ట వైపు తిప్పుకుని కళ్ళు తుడుచుకుంది.

*బస్టాండులో క్లాసు*

సోమవారం పొద్దున్నే బస్టాండుకి రమ్మన్నాను. నేను విజయవాడ బస్సులో కిటికీ పక్కన కూర్చున్నాను. "ఇది నిజం బస్సే. ఇది కదిలేలోపు నీ పరిశోధన నాకు చెప్పాలి" అన్నాను. నాగమణి చుట్టూ చూసి, చీర కొంగు సర్దుకుని, గొంతు సవరించుకుంది.

"మేడమ్, పండ్లను ఆరబెట్టే రంగంలో ప్రొఫెసర్ సత్యమూర్తి గారు చేసిన కృషి ఎంతో..."

బస్సు వెళ్ళిపోయింది. ఆయన కృషి దగ్గరే ఆమె బస్టాండులో ఉండిపోయింది.

తర్వాతి సోమవారం మళ్ళీ రమ్మన్నాను. ఈసారి బస్సు నిండా జనం. పిల్ల ఒక్క మాట కూడా మాట్లాడకుండా నా కిటికీ కింద నిలబడింది. డ్రైవరు ఎక్కాడు, హారన్ కొట్టాడు. బస్సు కదిలాక పక్కనే నాలుగడుగులు నడిచి, ఉన్నట్టుండి గొంతెత్తింది.

"మేడమ్! వేడి పెంచితే తాండ్ర తొందరగా ఆరదు! పై పొర గట్టిపడి తడి లోపలే ఉండిపోద్ది! సార్ లెక్క ముక్కలకే సరిపోద్ది, పొరలకి సరిపోదు!"

అరిచాక చేత్తో నోరు మూసుకుంది, ఎవరైనా విన్నారేమోనని. బస్సంతా విన్నది. నా వెనక సీట్లోంచి తలపాగా చుట్టుకున్న పెద్దాయన ఒకాయన కిటికీలోంచి సగం బయటికి వంగి అడిగాడు.

"అయితే ఎంత వేడి పెట్టాలమ్మాయ్?"

ఆమె ఏదో చెప్పింది కానీ బస్సు మలుపు తిరిగింది. పెద్దాయన నన్ను అడిగాడు, నాకేం తెలుసు! సిగ్గుపడి తెలియదన్నాను. కానీ ఆ ప్రశ్న విన్నాక నాకు పట్టపగ్గాల్లేని ఆనందం వేసింది. విషయం సూటిగా చెప్తే విన్నవాడు వెంటనే తర్వాతి ప్రశ్న అడుగుతాడు. రెండు జర్నళ్ళూ అడగని ప్రశ్న అది. విజయవాడ చేరేలోపు నాగమణికి ఫోన్ చేసి, నువ్వు అరిచింది మొదటి పేరా, ఆయన అడిగినదానికి జవాబు రెండో పేరా, రాసి తీసుకెళ్ళి మీ సార్‌కి ఇవ్వు అన్నాను. మీరు కూడా రండి మేడమ్ అంది. రానన్నాను. ఆ మాట ఆమె నోటితోనే ఆయన వినాలి.

*సత్యమూర్తి గారు*

మూడో రోజు సత్యమూర్తి గారు మా గదికి వచ్చారు. కూర్చోమన్నా కూర్చోలేదు.

"మేడమ్, మిమ్మల్ని ఇంగ్లీషు దిద్దమన్నాను. నా పేపరు దిద్దమనలేదు."

"నేను ఇంగ్లీషు కూడా దిద్దలేదండి. అదంతా ఆ పిల్లదే."

"బస్టాండులో నిలబెట్టి అరిపిస్తున్నారంట కదా! యూనివర్సిటీ క్లాసులు బస్టాండు దాకా వచ్చాయా?"

"క్లాసులో అరిస్తే మా హెడ్డుగారు ఊరుకోరండి" అన్నాను.

ఆయన నవ్వలేదు. తలుపు దడాలున వేసి వెళ్ళిపోయారు. నిజం చెప్తున్నాను, ఆ వారం నాకు అన్నం సయించలేదు. ఆయన కోపం నా మీద చూపిస్తే నాకేం కాదు, రిటైరవబోయేదాన్ని. కానీ సంతకం పెట్టాల్సింది ఆయన. నా మాట విని ఆ పిల్ల మునిగిపోతే? గడువు దగ్గర పడుతోంది, నాగమణి ఫోన్ ఎత్తడం లేదు.

తర్వాత తెలిసింది, ఫోన్ ఎందుకు ఎత్తలేదో. సత్యమూర్తి గారు ఆ రోజే ల్యాబ్‌కి వెళ్ళి, చొక్కా చేతులు మడిచి, "మళ్ళీ ఆరబెట్టు, నేను చూడాలి" అన్నారట. రసం తీయడం, పొర పోయడం, తూకం వెయ్యడం, అన్నీ దగ్గరుండి చేయించారు. ఒకసారి కాదు, ఆయనకి నమ్మకం కుదిరేదాకా. చివరికి తాండ్రను చాకుతో అడ్డంగా కోసి, పైన అట్టలా గట్టిగా, లోపల జిగటగా ఉన్న ముక్కను చేతిలో పట్టుకుని చాలాసేపు చూశారట. ఆ తర్వాత ఆయన అన్న మాట నాగమణి నాకు ఏడుస్తూ, నవ్వుతూ చెప్పింది.

"దీన్ని అడుగున ఎందుకు పెట్టావమ్మా ఇన్నాళ్ళూ? పైన పెట్టు."

ఆ సంగతి పైనే పెట్టి పేపరు పంపారు. కింద ఆయన పేరు కూడా ఉంది. జర్నల్ వాళ్ళు చిన్న చిన్న సవరణలు అడిగి ఒప్పుకున్నారు. గడువులోపే థీసిస్ లోపలికి వెళ్ళింది.

*వైవా*

వైవా రోజున హాలు నిండిపోయింది. నాగమణి భర్త, పాప, ఒప్పుకోనన్న ఆ మావయ్యగారు కూడా తెల్ల చొక్కా వేసుకుని వచ్చారు. పరీక్షకుడిగా బయటి నుంచి ఒక పెద్ద ప్రొఫెసర్ వచ్చారు. మంచి పేరున్న మనిషి, మాట కరుకు. సత్యమూర్తి గారు ముందు వరసలో పక్కగా, నేను వెనక వరసలో.

నాగమణి చక్కగా మొదలుపెట్టింది. అంతా చెప్పాక పరీక్షకుడు కళ్ళజోడు తీసి అడిగారు. ప్రొఫెసర్ సత్యమూర్తి గారి సూత్రం మేమూ వాడాం, మా దగ్గర బాగానే పనిచేసింది, మీ గైడు ఎదురుగా కూర్చుని ఉండగా ఆయన సూత్రం తప్పని అంటున్నారా అని.

నాగమణి సత్యమూర్తి గారి వైపు చూసింది. పేపర్లో రాయడం వేరు, ఆ మనిషి కళ్ళలోకి చూస్తూ నలుగురిలో అనడం వేరు. "సార్, ఈ రంగంలో మా సార్ చేసిన కృషి ఎంతో..." అని ఇంగ్లీషులో మొదలుపెట్టింది. అదే పాత దారి. సుబ్బారావు దారి, మా వదిన దారి. అక్కడి నుంచి తిరిగి రావడం ఎంత కష్టమో నాకు తెలుసు. లేచి అరుద్దామా అనిపించింది. వెనక వరసలో ఉన్నదాన్ని, అరిచే హక్కు నాకు లేదు.

ముందు వరసలోంచి ఒక గొంతు వినిపించింది. పెద్దగా కాదు, కానీ అందరికీ వినపడేట్టు, తెలుగులో.

"బస్సు కదిలిందమ్మా, చెప్పు!"

సత్యమూర్తి గారు. చేతులు కట్టుకుని, నేలవైపు చూస్తూ అన్నారు.

నాగమణి వెన్ను నిటారుగా పెట్టి, శుద్ధమైన ఇంగ్లీషులో, ఒక్క మాట తడబడకుండా చెప్పింది. ఆ సూత్రం పల్చటి ముక్కలకి సరైనది, మీరు వాడింది ముక్కలకే కాబట్టి మీకు పనిచేసింది. తాండ్ర పొరలకి అది సరిపోదు. పై పొర గట్టిపడితే వేడి పెంచినా తడి బయటికి రాదు. మా సార్ స్వయంగా నాతో కలిసి మళ్ళీ చేసి చూశారు.

పరీక్షకుడు కళ్ళజోడు మళ్ళీ పెట్టుకున్నారు. ముందుకు వంగి, మొదటిసారిగా చిరునవ్వుతో, ఇంకొక ప్రశ్న అడిగారు.

అయితే ఎంత వేడి పెట్టాలి అని!

నేను పైకే నవ్వేశాను. హాల్లో ఇద్దరు ముగ్గురు వెనక్కి తిరిగి చూశారు. నాగమణి కూడా నవ్వింది. ఆ ప్రశ్నకి జవాబు ఆమె దగ్గర తిరువూరు బస్టాండులో ఆ సోమవారం నుంచే సిద్ధంగా ఉంది. చెప్పింది. పరీక్షకుడు తలాడిస్తూ రాసుకున్నారు. డాక్టర్ నాగమణి అని ప్రకటించగానే అందరికన్నా ముందు లేచి చప్పట్లు కొట్టింది సత్యమూర్తి గారే. నాకు కళ్ళు కనపడలేదు, నీళ్ళతో మసకబారిపోయాయి. ఇన్నేళ్ళు నేను చేసిన ఉద్యోగం ఏమిటో ఆ రోజు నాకే పూర్తిగా అర్థమైంది. నేను గెలిచానని మొదట్లో రాసింది ఇందుకే.

కొత్తగా వచ్చిన అమ్మాయికి చెప్పాల్సింది అయిపోయింది. మిగిలిన ఒక్క బాకీ ఆ బస్సులో తలపాగా పెద్దాయనకి. ఆయనది ఏ ఊరో నాకు తెలియదు. అడిగితే తెలియదన్నాను కదా, ఇప్పుడు తెలుసు. ఎవరైనా చదివి వినిపిస్తే వింటాడని ఇక్కడ రాస్తున్నాను. పెద్దాయనా, చెయ్యి పెడితే ఓర్చుకోగలిగినంత వేడి చాలు. ఒక పొర లోపలిదాకా ఆరాకే రెండోది పొయ్యండి. తొందరపడి మంట పెంచకండి. కారణం కావాలంటే నాగమణిని అడగండి, బస్సు కదలకముందే చెప్పేస్తుంది.